ముందు గాజు మీద గీత పడితే లెన్స్ మార్చాలా?

కొత్త షట్టర్:
అన్నలూ, పోయిన ఆదివారం ఆర్కే బీచ్‌లో ఫోటోలు తీస్తుంటే లెన్స్ మీద ఇసుక పడింది. ఊదకుండా చొక్కా అంచుతో తుడిచేశాను. ఇంటికొచ్చి చూస్తే 50 ఎంఎం ఎఫ్1.8 ముందు గాజు మీద, దాదాపు మధ్యలో, 3 మిల్లీమీటర్ల గీత. ట్యూబ్‌లైట్ కింద అటూ ఇటూ తిప్పితే వెంట్రుకలా మెరుస్తోంది. అప్పటినుంచి టెన్షన్‌తో కెమెరా ముట్టుకోలేదు. గాజు మార్పించాలా, అమ్మేయాలా?

పాత గాజు:
తమ్ముడూ, కంగారు పడకు. ముందు గాజు మీది గీత ఫోటోలో గీతలా పడదు. నువ్వు ఫోకస్ చేసేది పది అడుగుల అవతల ఉన్న మనిషిని. గీత ఉన్నది లెన్స్ మూతి మీద. అది ఆనవాలు లేకుండా కరిగిపోతుంది.

లెక్క చూడు. ఎఫ్1.8 దగ్గర, అంటే లెన్స్ పూర్తిగా తెరిచినప్పుడు, వెలుతురు వచ్చే దారి సుమారు 28 మి.మీ. వెడల్పు, అంటే దాదాపు 600 చదరపు మిల్లీమీటర్లు. నీ గీత మందం మి.మీ.లో పదో వంతు అనుకున్నా దాని వైశాల్యం 0.3. రెండువేలలో ఒక వంతు! నమ్మకపోతే బియ్యపు గింజంత నల్ల కాగితం ముక్క లెన్స్ ముందు బిగించే ఫిల్టర్‌కి అంటించి తీసి చూడు. ఫోటోలో దాన్ని వెతికి పట్టుకోలేవు.

మండపం కెమెరా:
కాగితం వెలుతురుని ఆపుతుంది. గీత చెదరగొడుతుంది. రెండూ ఒకటెలా అవుతాయండీ?

నాకు జరిగింది చెప్తాను. తెల్లవారుజామున నాలుగింటికి ముహూర్తం. పెళ్ళికూతురు వెనకే వీడియోవాళ్ళ ఎల్ఈడీ లైటు, నేరుగా నా లెన్స్‌లోకి. జీలకర్ర బెల్లం ఫోటోలన్నీ పొగ పట్టినట్టు వచ్చాయి. పెళ్ళికొడుకు నల్లటి జుట్టు బూడిద రంగైపోయింది. ఆల్బమ్ చూసి వాళ్ళు 8 వేలు తగ్గించి ఇచ్చారు. ముందు గాజు మీద గీతలే కారణం.

నిదానం:
లెన్స్ మూతికి హుడ్ (పక్క వెలుతురు ఆపే తొడుగు) పెట్టుకోండి, సగం బాధ పోతుంది.

పాత గాజు:
మండపం గారూ, ఒక్క గీతతో ఫ్రేమ్ అంతా పొగలా రాదు. అలా వచ్చిందంటే కోటింగ్ (వెలుతురు వెనక్కి కొట్టకుండా గాజుకి వేసే పూత) అరిగిపోయి ఉండాలి, లేదా లోపల ఫంగస్, లేదా వేలిముద్ర. కోటింగ్ లేని గాజు ఒక్కో ఉపరితలం దగ్గర 4 శాతం దాకా వెలుతురుని వెనక్కి కొడుతుంది. టార్చి వేసి లోపల చూశారా?

మండపం కెమెరా:
చూశాను. ఫంగస్ లేదు. మధ్యలో రూపాయి బిళ్ళంత మేర సన్నసన్న గీతలు, ఎవరో గరుకు గుడ్డతో రుద్దినట్టు.

పాత గాజు:
అయితే అది గీత కాదు, రుద్దుడు. ప్రశ్న ఒక్క గీత గురించి.

సాగర తీరం:
మా విశాఖలో గీతలకంటే ఫంగస్ ప్రమాదం. వానాకాలంలో కెమెరా బీరువాలో బట్టల మధ్య పెట్టకండి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, జెల్ రంగు మారితే వేడిచేసి మళ్ళీ వాడుకోండి.

సెల్ఫీ కళ్యాణి:
ఫోన్ కెమెరాకీ ఇంతేనా?

పాత గాజు:
కాదమ్మా. ఫోన్‌లో వెలుతురు వచ్చే దారే కొన్ని మిల్లీమీటర్లు. అక్కడ చిన్న గీతకీ వాటా ఎక్కువ. రాత్రి వీధి దీపాలు తీస్తే తెలిసిపోతుంది.

మండపం గారి మాటలో ఒకటి ఒప్పుకుంటాను. 50 ఎంఎంని ఎఫ్16కి మూస్తే దారి 3 మి.మీ.కి తగ్గుతుంది. అదే గీత సరిగ్గా ఆ దారిలో పడితే ఇరవై అయిదులో ఒక వంతు. ఎదురుగా సూర్యుడుంటే కనిపించవచ్చు. వెనక గాజు మీద గీతైతే అసలు ఉపేక్షించకూడదు, అది ఫోటో పడే సెన్సర్‌కి దగ్గర. పాతకాలంలో లోతైన గీతలో నల్ల ఇంకు నింపేవాళ్ళు, వెలుతురు చెదరకుండా.

మండపం కెమెరా:
చెదురుతుందని ఇప్పుడు మీరే అన్నారు. మరి మొదట్లో "కంగారు పడకు" అని ఎందుకు రాశారు? నాకు ఆ లెన్స్ అమ్మినవాడూ అచ్చం ఇదే మాట అన్నాడు. కాదు, కొన్నాక అన్నాడు. అమ్మేటప్పుడు యూవీ ఫిల్టర్ బిగించి ఇచ్చాడు. ఇంటికొచ్చి విప్పితే గీతలు. ఫోన్ చేస్తే, "ఫోటోలో కనపడవు కదా, ఎందుకు చెప్పాలి?" అన్నాడు. మీరు కూడా పాత లెన్స్‌లు అమ్ముతారు. పోయిన నెల మీ 85 ఎంఎం ప్రకటనలో "గాజు క్లీన్" అని రాశారు. నిజం చెప్పండి, గీత ఒక్కటీ లేదా?

నిదానం:
వ్యక్తిగతంగా వెళ్ళకండి.

పాత గాజు:
అంచు దగ్గర ఒకటి ఉంది. ఎదురు వెలుతురులో, ఎఫ్16లో, ముప్ఫై ఫోటోలు తీసి చూశాకే రాశాను. ఒక్కదాంట్లోనూ కనపడలేదు. గీత అన్న మాట వింటే చాలు, జనం సగం ధరకి అడుగుతారు. మంచి లెన్స్‌ని తుక్కు కింద ఎందుకివ్వాలి? పదిహేనేళ్ళుగా గీతలున్న లెన్స్‌లతోనే బతుకుతున్నాను.

మండపం కెమెరా:
ఫోటోలో కనపడదా లేదా అన్నది కొనేవాడు తేల్చుకుంటాడు. ఉందని చెప్పడం మీ పని. సగం ధరకి అడిగితే ఇవ్వనని చెప్పండి. దాచడమెందుకు? నాకు పోయిన 8 వేలకంటే ఆ ఇంటివాళ్ళ ముందు తలదించుకున్నదే ఎక్కువ. ఆ జీలకర్ర బెల్లం మళ్ళీ పెట్టించలేను కదా.

కొత్త షట్టర్:
నిన్న రాత్రి వీధి దీపానికి ఎదురుగా తీశాను. ఎఫ్1.8లో దూరపు లైట్ల గుండ్రాల్లో సన్నటి గీత. ఎఫ్16లో దీపం నుంచి గీతకి అడ్డంగా పలచటి వెలుగు చార. పొద్దున బాల్కనీలో అమ్మ ఫోటో తీస్తే ఏమీ లేదు, కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. లెన్స్ ఉంచుకుంటాను. ఎప్పుడైనా అమ్మితే టార్చి వేసి తీసిన గీత ఫోటోనే ముందు పెడతాను.

పాత గాజు:
నువ్వలా పెట్టు తమ్ముడూ, ఎవరెంతకి అడుగుతారో నాకూ చెప్పు.

మండపం కెమెరా:
మీ 85 ఇంకా అమ్ముడుపోలేదుగా. ముందు దానికి పెట్టండి.