అమెరికా అధ్యక్షుడికి పెద్ద యూనివర్సిటీ డిగ్రీ కావాలా?

చర్చాప్రియ: 1989 నుంచి 2021 దాకా వైట్‌హౌస్‌లో ఉన్న ఐదుగురూ యేల్, హార్వర్డ్, పెన్సిల్వేనియా యూనివర్సిటీల్లో ఏదో ఒకచోట డిగ్రీ తీసుకున్నవాళ్లే. రాజ్యాంగం మాత్రం చదువు ఊసే ఎత్తదు. 35 ఏళ్ల వయసు, పుట్టుకతో పౌరసత్వం, 14 ఏళ్ల నివాసం ఉంటే చాలంటుంది. అంత పెద్ద దేశాన్ని నడిపే మనిషికి గట్టి చదువు ఉండాల్సిందేనని నా వాదన. మీరేమంటారు?

చరిత్ర పాఠకుడు: నేను ఒప్పుకోను. లింకన్ బడికి వెళ్లింది అంతా కలిపినా ఏడాదికి మించదు. సొంతంగా లా పుస్తకాలు చదివి 1836లో లాయర్ లైసెన్స్ తెచ్చుకున్నారు. ట్రూమన్‌కి డిగ్రీయే లేదు. కాన్సాస్ సిటీలో రాత్రిపూట లా క్లాసులకు వెళ్లి మధ్యలో మానేశారు. సైన్యంలో జాతి వివక్ష పోవాలని 1948లో ఉత్తర్వు ఇచ్చింది ఆయనే. పీహెచ్‌డీ చేసిన ఒకే ఒక్క అధ్యక్షుడు వుడ్రో విల్సన్ హయాంలోనేమో ఫెడరల్ ఆఫీసుల్లో నల్లజాతి ఉద్యోగులను వేరుచేశారు.

చర్చాప్రియ: మీ వాదనకు పనికొచ్చే పేర్లే ఏరుకున్నారు. ఆండ్రూ జాన్సన్ సంగతేంటి? ఆయన బడి మొహమే చూడలేదు. దర్జీ పని చేసుకుంటూ, భార్య ఎలైజా సాయంతో రాయడం, లెక్కలు నేర్చుకున్నారు. అంత కష్టపడి పైకొచ్చిన మనిషే, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లకు రక్షణ ఇచ్చే పౌరహక్కుల బిల్లును 1866లో వీటో చేశారు. కాంగ్రెస్ ఆ వీటోను కొట్టేసి మరీ చట్టం చేయాల్సి వచ్చింది.

బడిపంతులు: ఇద్దరూ పట్టాల దగ్గరే ఆగిపోయారు. లిండన్ జాన్సన్‌ను చూడండి. టెక్సాస్‌లోని శాన్ మార్కోస్‌లో టీచర్ల కాలేజీలో చదివారు. డబ్బుల్లేక కొన్నాళ్లు చదువు ఆపి, కొటుల్లా అనే చిన్న ఊళ్లో పేద మెక్సికన్ కుటుంబాల పిల్లలకు పాఠాలు చెప్పారు. ఆకలితో బడికొచ్చే పిల్లలను అక్కడ కళ్లారా చూశారు. పేద పిల్లలు చదివే బడులకు ఫెడరల్ నిధులిచ్చే చట్టం 1965లో తెచ్చింది ఈయనే. తాను చిన్నప్పుడు చదివిన బడి దగ్గరే, తన మొదటి టీచరమ్మను పక్కన కూర్చోబెట్టుకుని దానిమీద సంతకం చేశారు. అదే ఏడాది ఉన్నత విద్యా చట్టం మీద సంతకానికి శాన్ మార్కోస్ కాలేజీకే వెళ్లారు. ఏం చదివారనే కాదు, చదువుకునే రోజుల్లో ఎవరి మధ్య బతికారన్నదీ చూడాలి.

చర్చాప్రియ: మరి వియత్నాం? ఆ యుద్ధాన్ని అంత పెద్దది చేసింది మీ జాన్సనే కదా, పంతులు గారూ!

బడిపంతులు: అవును, ఆ తప్పు ఆయనదే. కానీ అప్పుడు ఆయనకు సలహాలిచ్చిన రక్షణ మంత్రి మెక్‌నమారా హార్వర్డ్‌లో ఎంబీఏ చేసినవారు. భద్రతా సలహాదారు బండీ ఏకంగా హార్వర్డ్‌లో డీన్‌గా పనిచేసి వచ్చినవారు. మీరు అడుగుతున్న గట్టి చదువు ఆ గదిలో కావలసినంత ఉంది.