అప్‌డేట్: ల్యాబా, కాలేజీయా అని అడిగాను కదా, కాలేజీలోనే చేరాను

ఎండీ పాథాలజీ (శరీరంలోంచి తీసిన ముక్కల్ని పరీక్షించి జబ్బు తేల్చే శాఖ) అయ్యాక విశాఖలో ప్రైవేటు ల్యాబ్‌కి వెళ్లాలా, ఒడిశాలో మా బరంపురంలోనే మెడికల్ కాలేజీ టీచింగ్‌లో ఉండాలా అని వేసవిలో అడిగాను. ఉండిపోయాను. సీనియర్ రెసిడెంట్‌గా ఆరు నెలలైంది. జీతం తక్కువే, అలా చెప్పినవాళ్ల మాటే నిజం.

కానీ మొన్న ఒక ఫ్రోజెన్ సెక్షన్ (ఆపరేషన్ మధ్యలోనే ముక్క పంపి వెంటనే రిపోర్టు అడిగే పరీక్ష) వచ్చింది. నాలుక క్యాన్సర్, పేషెంట్ ఇంకా టేబుల్ మీదే. ముక్కని క్రయోస్టాట్ అనే చల్లటి కోత యంత్రంలో మైనస్ 20 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి, 5 మైక్రాన్ల పొర కోసి, రంగు వేసి చూసేసరికి 20 నిమిషాలు. తీసిన ముక్క అంచులో కణితి ఉంది, అంటే లోపల ఇంకా మిగిలి ఉండొచ్చు! ఆపరేషన్ థియేటర్‌కి ఫోన్‌లో చెప్తుంటే గొంతు వణికింది. మామూలు బయాప్సీ అయితే ఫార్మలిన్, పారఫిన్ అంటూ ఒకట్రెండు రోజులు ఊపిరి పీల్చుకోవచ్చు.

పీజీలకి స్లైడ్లు ఒడియా, తెలుగు కలగలిపి చెప్తున్నాను. ప్రమోషన్‌కి పేపర్లు రాయాలి, ఇంకా మొదలే పెట్టలేదు. అమ్మకి మాత్రం నేనింకా "రోగిని ముట్టని డాక్టరమ్మ"నే.