‘నేనెవరు?’ అని జపంలా అనుకోవాలా?

చదువరి:
రమణ మహర్షి తమిళ పుస్తకం ‘నాన్ యార్’ (‘నేనెవరు’)కు తెలుగు చేసిన పుస్తకంలో మొదట్లోనే ‘దేహం నేను కాదు, ఇంద్రియాలు నేను కాదు’ అని పెద్ద జాబితా ఉంది. రోజూ దాన్ని వల్లె వేయాలా, లేక ‘నేనెవరు’ అని జపం చేయాలా? మధ్యలో కునుకు పడితే ఏం చేయాలి?

కొండబాట:
రెండూ కాదండీ. 1901-02 నాటికి మహర్షి అరుణాచలం కొండ మీది విరూపాక్ష గుహలో ఉండేవారు, మాట్లాడేవారు కాదు. శివప్రకాశం పిళ్ళై అనే భక్తుడు అడిగినవాటికి జవాబులు రాసి చూపేవారు. ‘నేనెవరు?’ అన్న మొదటి ప్రశ్నకు మహర్షి ఇచ్చిన జవాబు ఒక్క ముక్కే: తమిళంలో ‘అరివే నాన్’, అంటే ఎరుకే నేను. జాబితా పిళ్ళై తన అవగాహన కోసం చేర్చుకున్నది. తర్వాత అచ్చులో ఉండిపోయింది, చదివినవాళ్ళు అదే సాధన అనుకుంటున్నారు.

అసలు పని ఇది. రేపు కట్టాల్సిన కరెంటు బిల్లు గుర్తొచ్చిందనుకోండి. తోసేయొద్దు, వెంటపడొద్దు. ‘ఇది ఎవరికి తోచింది?’ నాకు. ‘ఆ నేను ఎవరు?’ అక్కడ ఆగి, ఆ ‘నేను’ అన్న స్ఫురణ మీదే చూపు నిలపాలి. జవాబు మాటల్లో రాకూడదు. ‘నేను బ్రహ్మాన్ని’ అని తట్టిందంటే అదీ ఇంకో తలపే, దాన్నీ ‘ఎవరికి?’ అనే అడగాలి. చితిని ఎగదోసే కట్టె చివరికి తానూ కాలిపోయినట్టు ఈ ప్రశ్నా పోవాలని ఆ పుస్తకంలోనే ఉంది. జపం చేస్తే కట్టెను దాచుకున్నట్టే.

శ్లోకప్రియ:
కునుకు సంగతికి మహర్షి రాసిన ‘ఉపదేశ సారం’లో 11 నుంచి 14 దాకా శ్లోకాలు చూడండి. ఊపిరి బిగిస్తే మనసు వలలో పక్షిలా అణుగుతుంది, కానీ అది లయం, అంటే కునుకులాగే కాసేపు అణగడం, మళ్ళీ లేస్తుంది. నాశమైతే లేవదు. అందుకే హాయిగా ఉందని అక్కడే కూర్చుండిపోకూడదు. ‘ఈ హాయి ఎవరికి?’ అని వెంటనే అడగాలి. ఒళ్ళు అలసి వచ్చిన కునుకైతే మాత్రం పడుకోవడమే మేలు, దానికి వేదాంతం అక్కర్లేదు.

పాతప్రతి:
తెలుగులోనే మొదలుపెట్టాలంటే ‘ఏకాత్మ పంచకం’ ఉందిగా. 1947లో ఆశ్రమ భక్తురాలు సూరి నాగమ్మగారు అడిగితే మహర్షి ముందు తెలుగులోనే రాశారు, తమిళం తర్వాత. ఐదే పద్యాలు.

ఇంకో మాట. ‘నాన్ యార్’ రెండు రూపాల్లో దొరుకుతుంది: ప్రశ్నలూ జవాబులుగా ఒకటి, ప్రశ్నల్లేని వ్యాసంగా ఒకటి. వ్యాసం మహర్షి స్వయంగా తిరగరాసింది. మీ దగ్గరున్నది ఏదో ముందు చూసుకోండి.