ముస్లిం ఆడవాళ్ల హక్కులకు అడ్డం మతమా, అధికారమా?

చంద్రగిరి కుర్రోడు:
హాస్టల్లో మొదలైన వాదన ఎంతకీ తెగకపోతే ఇక్కడికి తెచ్చాను. మతం చేతికి రాజ్యం వస్తే ముందు నష్టపోయేది ఆడవాళ్లేననీ, ఇస్లాంలో అది మరీ ఎక్కువనీ మా రూమ్మేట్ అంటాడు. అఫ్ఘనిస్తాన్ చూపిస్తాడు. 2021 ఆగస్టులో తాలిబన్లు వచ్చాక ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడి లేదు, 2022 డిసెంబర్‌లో యూనివర్సిటీ తలుపులూ మూసేశారు. ఇరాన్‌లో తల మీద గుడ్డ సరిగ్గా లేదని మహ్సా అమీనీని పట్టుకుపోతే ఆ అమ్మాయి కస్టడీలోనే చనిపోయింది. మరి తప్పు గ్రంథంలో ఉందా, ఏలేవాళ్లలో ఉందా? ఇక్కడ ముస్లిం అక్కలు, అన్నలు ఉన్నారు. ఎవరినీ నొప్పించాలని కాదు, తెలుసుకోవాలనే అడుగుతున్నా.

తిరుచానూరు రావు:
గ్రంథంలోనే ఉంది బాబూ. కూతురికి కొడుకు వాటాలో సగం, మగవాడికి నాలుగు పెళ్లిళ్లదాకా అనుమతి. అలా రాసి పెట్టాక ఏలేవాడిని తిట్టి ఏం లాభం? హిందూ చట్టాన్ని 1955, 56లో మార్చుకున్నాం. వాళ్లకు మాత్రం ఎందుకు వద్దు? ఉమ్మడి పౌరస్మృతి ఒక్కటే దారి.

మదనపల్లె మాస్టారు:
రావుగారూ, హిందూ చట్టం అంత తేలిగ్గా మారిందా? ఆ బిల్లు ముందుకు కదలకపోవడం వల్లే కదా 1951లో అంబేద్కర్ మంత్రి పదవి వదిలేసింది!

ఇరాన్‌లో 1936లో రాజు రెజా షా పోలీసుల్ని పెట్టి ఆడవాళ్ల ముసుగులు లాగించాడు. 1979 తర్వాత వచ్చినవాళ్లు అదే పోలీసుల్ని పెట్టి కప్పించారు. పాకిస్తాన్‌లో 1961 చట్టం ప్రకారం తలాక్ చెప్పినవాడు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, 90 రోజులు ఆగాలి. అదే దేశంలో 1979లో సైనిక పాలకుడు జియా తెచ్చిన హుదూద్ చట్టాల (మతశిక్షల చట్టాల) కింద, బలాత్కారం జరిగిందని ఫిర్యాదు చేసిన ఆడవాళ్ల మీదే వ్యభిచారం కేసులు పెట్టారు. ట్యునీషియా 1956లోనే బహుభార్యాత్వాన్ని నిషేధించింది. గ్రంథం అన్నిచోట్లా ఒకటే, ఆడవాళ్ల బతుకులు మాత్రం ఒకలా లేవు.

పలమనేరు వకీలమ్మ:
నేను ముస్లింని, లాయర్ని. ఎక్కువగా చూసేది మనోవర్తి కేసులు. నా దగ్గరికొచ్చే ఆడవాళ్లు గంగవరం నుంచి, బైరెడ్డిపల్లె నుంచి వస్తారు కాబట్టి మన దేశంలో జరిగింది చెప్తాను.

షాబానో పేరు అందరూ వినే ఉంటారు. ఇండోర్‌లో పేరున్న లాయర్ భార్య. నలభై ఏళ్లకు పైగా కాపురం చేశాక ఆయన ఇంట్లోంచి పంపేసి, 1978లో తలాక్ చెప్పాడు. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. మేజిస్ట్రేట్ నెలకు 25 రూపాయలు ఇమ్మన్నాడు. హైకోర్టు దాన్ని 179 రూపాయల 20 పైసలు చేసింది. ఆ డబ్బు కూడా ఇవ్వనని ఆయన సుప్రీంకోర్టుదాకా వెళ్లాడు. 1985 ఏప్రిల్‌లో ఆమె గెలిచింది.

అంతే, ఒక ముసలామె తిండి ఖర్చు మతానికి వచ్చిన ముప్పయి కూర్చుంది. ఊరూరా సభలు పెట్టారు. ఆ ఒత్తిడికి చివరికి ఆమె నోటితోనే ఆ తీర్పు నాకొద్దు అనిపించారు. 1986లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం చట్టం తెచ్చింది. దాని ప్రకారం ఇద్దత్ గడువు వరకే, అంటే తలాక్ తర్వాత ఆమె మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఆగాల్సిన సుమారు మూడు నెలలే, విడిచినవాడి బాధ్యత. తర్వాత ఆమె చుట్టాలు చూసుకోవాలి, వాళ్లకూ చేతకాకపోతే వక్ఫ్ బోర్డు. అదే ఏడాది ఫిబ్రవరిలో అయోధ్యలో బాబ్రీ మసీదు తాళాలు హిందువుల పూజల కోసం తీశారు. వీళ్లకొకటి, వాళ్లకొకటి ఇచ్చి ఇద్దరినీ మంచి చేసుకోవాలని చూశారనే నేను నమ్ముతాను. నీకేం కావాలమ్మా అని షాబానోను ఎవరూ అడగలేదు.

2001లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేయకుండానే దానికి ప్రాణం పోసింది. ఇద్దత్ లోపల ఇవ్వాల్సింది మూడు నెలల తిండికి కాదు, ముందు బతుకంతటికీ సరిపడా అని చెప్పింది. ఆ కేసు వేసిన డానియల్ లతీఫీ, షాబానో తరఫున వాదించిన లాయరే. 2024 జులై 10న తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో ఇంకో తీర్పు వచ్చింది. ఫ్యామిలీ కోర్టు నెలకు 20 వేలు మధ్యంతర భృతి వేస్తే హైకోర్టు 10 వేలకు తగ్గించింది. అది కూడా ఇవ్వనని, 1986 చట్టం ఉండగా, షాబానో గెలిచిన 125 సెక్షన్ (అన్ని మతాలకూ ఒకటే మనోవర్తి నియమం) నాకెందుకని మాజీ భర్త వాదించాడు. ఆ సెక్షన్ అందరు ఆడవాళ్లకూ వర్తిస్తుందని కోర్టు తేల్చింది. షాబానో గెలిచిన మాట అనుమానం లేకుండా మళ్లీ మన చేతికి రావడానికి 39 ఏళ్లు పట్టింది. ఈ 39 ఏళ్లలో ఖురాన్‌లో ఒక్క అక్షరం మారలేదు. ప్రభుత్వాలు మారాయి, ఓట్ల లెక్కలు మారాయి.

రావుగారూ, అదే 1985లో మన రాష్ట్రంలో ఇంకో సంగతి జరిగింది. ఉమ్మడి ఆస్తిలో హిందూ ఆడపిల్లకు కొడుకుతో సమానంగా వాటా అంటూ ఎన్టీఆర్ ప్రభుత్వం సెప్టెంబర్ 5 నుంచి వర్తించేలా చట్టం చేసింది. ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకు వర్తించలేదు. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గానీ రాలేదు. చాలా గొప్ప చట్టం. ఇప్పుడు ఏ రిజిస్ట్రార్ ఆఫీసు ముందైనా ఒక పూట కూర్చుని చూడండి. అన్నదమ్ములు అక్కచెల్లెళ్లను కారులో తీసుకొస్తారు, టిఫిన్ పెట్టిస్తారు, హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించి తీసుకుపోతారు. “రేపు పుట్టింటి గడప తొక్కొద్దా?” అన్న ఒక్క మాటతో పనైపోతుంది. మా వాళ్లలో షరియా ఇచ్చిన సగం కూడా ఇలాగే పోతుంది. ఆ సగమైనా ఇప్పించండమ్మా అని నా దగ్గర ఏడ్చినవాళ్లున్నారు.

కాబట్టి తమ్ముడూ, నా జవాబు ఇది. మతం పేరు చెప్పి ఏలేవాడు, మతం నుంచి నిన్ను కాపాడతానని ఏలేవాడు, ఇద్దరూ ఆమెను అడక్కుండానే ఆమె గురించి తేల్చేస్తున్నారు. నేను కొట్లాడేది దాని మీదే.

పుంగనూరు భాయ్:
ఆపా, షాబానోకు జరిగింది అన్యాయమే. కానీ మూడు తలాక్ చెప్పినవాణ్ని జైలుకు పంపే 2019 చట్టం సంగతి చెప్పరేం? ఒక్క దమ్మున చెప్పే మూడు తలాక్ చెల్లదని 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల మెజారిటీతో చెప్పింది. చెల్లదంటే పెళ్లి నిలిచే ఉన్నట్టు. నిలిచిన పెళ్లికి మూడేళ్లదాకా జైలు ఎందుకు? పెళ్లాన్ని గాలికొదిలేసి వెళ్లిపోయిన మిగతా మతాలవాళ్లకు ఆ జైలు లేదే! ఖురాన్‌లో పద్ధతి ఉంది. అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు మధ్యవర్తులు కూర్చోవాలి. మా జమాత్‌లో, అంటే మసీదు పెద్దల పంచాయితీలో, అలా ఎన్నో కాపురాలు నిలబెట్టాం. 2022లో పక్కనే కర్ణాటకలో హిజాబ్ వేసుకున్న పిల్లల్ని కాలేజీ గేటు దగ్గరే ఆపేశారు కదా, మా ఆడవాళ్ల మీద ఈ ప్రేమంతా అప్పుడు ఏమైంది?

పలమనేరు వకీలమ్మ:
భాయ్, జైలు విషయంలో మీ మాటే నా మాట. అతను లోపలుంటే ఇంటికి డబ్బెవరు తెస్తారు? గేటు దగ్గర పిల్లల్ని ఆపడం, ఇరాన్‌లో బలవంతంగా కప్పించడం, రెండూ నాకు ఒకటే. ఆ హిజాబ్ కేసులో 2022 అక్టోబర్‌లో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. చదువు ఆగిపోయిన పిల్లకు పోయిన ఏడాదిని ఎవరు తెచ్చిస్తారు?

కానీ జమాత్ మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. కూర్చునేవాళ్లలో ఆడమనిషి ఒక్కరైనా ఉంటారా? నేను చూసిన పంచాయితీల్లో ఆమె గుమ్మం బయట ఉంటుంది, ఆమె అన్న లోపల కూర్చుంటాడు. ఆమెకేం కావాలో అతనే చెప్తాడు. ఆమెకు తిరిగి కాపురానికి పోవాలని ఉందో లేదో ఆ గదిలో ఎవరికీ తెలియదు. మీరు చెప్పిన 2017 తీర్పు కేసు వేసిన షాయరా బానోకు తలాక్ పోస్టులో వచ్చింది. అలాంటి కాగితం చెల్లదని పెద్దలు అప్పుడే గట్టిగా చెప్పుంటే ఆమె కోర్టు మెట్లెక్కేదా? పాపమే గానీ చెల్లుతుందని సుప్రీంకోర్టులో వాదించింది ముస్లిం పర్సనల్ లా బోర్డే. ఢిల్లీ చేతికి ఆ అవకాశం మనవాళ్లే అందించారు. ఈ మాట అనడానికి నాకూ బాధగానే ఉంది.

తిరుచానూరు రావు:
అయితే ఉమ్మడి పౌరస్మృతి వద్దంటారా అమ్మా? సూటిగా చెప్పండి.

పలమనేరు వకీలమ్మ:
ఎవరిని అడిగి రాస్తారో చెప్పండి, అప్పుడు చెప్తాను. ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి నుంచి అమలవుతున్న చట్టంలో కూతురికి సమాన వాటా ఉంది. అది నాకు కావాలి. పెళ్లి కాకుండా కలిసి ఉండేవాళ్లు రిజిస్టర్ చేసుకోకపోతే జైలు, ఇరవై ఒకటి నిండకపోతే తల్లిదండ్రులకు కబురు అని కూడా అందులోనే ఉంది. ఆడపిల్ల మీద ఇంకో కాపలా నాకొద్దు. రెండూ ఒకే మూటలో కట్టి, తీసుకుంటే తీసుకో అంటే ఎలాగండీ?

పీలేరు చెల్లి:
అక్కా, వచ్చే నెల నా నిఖా. నిఖానామాలో షరతులు రాయించుకోవచ్చని విన్నా. అడిగితే అటువాళ్లు ఏమనుకుంటారోనని మా అమ్మీ టెన్షన్ పడుతోంది. నిజంగా రాయించుకోవచ్చా?

పలమనేరు వకీలమ్మ:
రాయించుకోవచ్చు చెల్లీ. నిఖా అంటేనే ఒప్పందం. మెహర్, అంటే అతను నీకు ఇవ్వాల్సిన సొమ్ము, గడిలో ఏదో మొక్కుబడి అంకె వేయనివ్వకు. వెంటనే ఇచ్చేదెంత, తర్వాత ఇచ్చేదెంత అని విడివిడిగా రాయించు. అది నీ డబ్బు, మీ నాన్నది కాదు, అత్తగారిది కాదు. రెండోది, తలాక్-ఎ-తఫ్వీజ్. నీకు చెప్పకుండా రెండో పెళ్లి చేసుకున్నా, ఇంత కాలం ఖర్చులివ్వకపోయినా, కొట్టినా, నీ అంతట నువ్వే విడిపోయే హక్కును అతను నీకు రాసిస్తాడు. షరియాలో ఉన్నదే, కోర్టులూ ఒప్పుకుంటాయి. చదువు, ఉద్యోగం ఆపకూడదని కూడా రాయించు. ఇవేవీ లేకపోయినా దారి మూసుకుపోదు. రెండేళ్లు పోషించకపోతే 1939 చట్టం కింద కోర్టులో విడాకులు అడగొచ్చు. ఖులాకు, అంటే భార్య కోరి తీసుకునే విడాకులకు, భర్త ఒప్పుకోవాల్సిన పని లేదని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. మన ఆంధ్ర హైకోర్టు దానికి కట్టుబడనక్కర్లేదు గానీ వాదనలో చూపించొచ్చు.

ఇదంతా నిఖా రోజు హడావిడిలో కుదరదు. ఇప్పుడే మాట్లాడండి. కాగితం ఉర్దూలో ఉంటే తెలుగులో చదివించుకో, ఒక కాపీ నీ బీరువాలో పెట్టుకో.

పుంగనూరు భాయ్:
మెహర్, చదువు, ఉద్యోగం, వీటికి మా జమాత్‌లో ఎవరూ అడ్డు చెప్పరు. సాక్షిగా నేనే సంతకం పెడతా. రెండో పెళ్లి షరతు మాత్రం నాకు సమ్మతం కాదు. అల్లా అనుమతించిన దానికి కాగితం మీద అడ్డుకట్ట వేయొచ్చో లేదో ఆలిమ్‌లను, మత పండితులను, అడిగి చెప్తా.

పలమనేరు వకీలమ్మ:
అడగండి భాయ్. వాళ్లేం చెప్పినా ఇక్కడే రాయండి, నేనూ జవాబిస్తా. చెల్లీ, నువ్వు మాత్రం దానికోసం ఆగొద్దు. ఈ ఆదివారమే కాగితం సిద్ధం చేయించు.