సాయంత్రమైతే సేవ్ బటన్ కదలట్లేదు: ర్యామ్ కొనాలా, ఎస్ఎస్‌డీనా?

స్టాకుపుస్తకం అడిగారు:
మా స్టాకు, బిల్లులు అన్నీ ఒకే పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) సర్వర్ మీద నడుస్తాయి. డేటాబేస్ 90 జీబీ, ర్యామ్ 16 జీబీ, 7200 ఆర్‌పీఎం డిస్కులు నాలుగు రెయిడ్ 5లో (ఒక డిస్కు పోయినా డేటా పోకుండా కలిపి కట్టే అమరిక) ఉన్నాయి. పగలంతా ఫర్వాలేదు. సాయంత్రం 5 దాటాక నలభై మంది ఒకేసారి బిల్లులు కొడతారు, అప్పుడు సేవ్ నొక్కితే ఆరేడు సెకన్లు ఆగిపోతోంది. రెండు నెలల కిందటి దాకా ఇలా లేదు. ర్యామ్ 64 జీబీ చేయడానికో, ఎస్ఎస్‌డీలకో, ఏదో ఒక్కదానికే డబ్బుంది. ఏది కొనమంటారు?

రాత్రిడ్యూటీ:
90 జీబీ డేటాకి 16 ఏం సరిపోతుందండీ? ర్యామ్ వేసెయ్యండి.

పాతడీబీఏ:
తొందరపడకండి. ర్యామ్ ఆదుకునేది చదివేటప్పుడు. మీ 90 జీబీలో రోజూ తిరిగేది ఈ నెల బిల్లులు, స్టాకు టేబుల్, వాటి ఇండెక్సులు (త్వరగా వెతకడానికి ఉండే సూచికలు). అవి మెమరీలో పడితే చాలు, మిగతాది ఏడాదికోసారి ఆడిటర్ అడిగితే తెరుస్తారు.

కమిట్ (సేవ్ చేసినదాన్ని ఖాయం చేయడం) సంగతి వేరు. వాల్ (మార్పులను ముందుగా రాసుకునే లాగ్) రికార్డు డిస్కుకు భద్రంగా చేరిందని ఎఫ్‌సింక్ (డిస్కుకు రాసి తీరమనే ఆదేశం) తిరిగొచ్చి చెప్పేదాకా పోస్ట్‌గ్రెస్ మీకు జవాబివ్వదు. ర్యామ్ ఎంత పెంచినా ఆ ఎదురుచూపు పోదు. 7200 ఆర్‌పీఎం అంటే ఒక్కో చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. హెడ్ జరిగే సమయం కూడా కలిస్తే, అక్కడొకటి ఇక్కడొకటి రాసే పనులు ఒక డిస్కు సెకనుకు వంద దాకా చేస్తే గొప్ప. పైగా రెయిడ్ 5లో చిన్న రాత ఒక్కటి రాయాలన్నా పాత డేటా, పాత పారిటీ (డిస్కు పోతే డేటాను తిరిగి లెక్కగట్టే అదనపు సమాచారం) చదివి, కొత్తవి రెండూ రాయాలి. ఒక రాతకి నాలుగు పనులు. అంటే రాతల వరకు మీ నాలుగు డిస్కులూ కలిసి ఒక్క డిస్కు పెట్టు. రెయిడ్ 10లో (ప్రతిదీ రెండు డిస్కుల్లో రాసే అమరిక) అయితే రెండు పనులతో పోతుంది.

కానీ నా మనసు 'రెండు నెలల కిందటి దాకా' అన్న మాట దగ్గరే ఆగింది. డేటా అలా ఉన్నట్టుండి పెరగదు కదా. మీ రెయిడ్ కార్డుకి (డిస్కులను కలిపి నడిపే కార్డు) క్యాష్ (తాత్కాలిక మెమరీ), దాన్ని కాపాడే బ్యాటరీ ఉన్నాయా? బ్యాటరీ పోతే చాలా కార్డులు రైట్‌బ్యాక్ మానేసి రైట్‌త్రూకి మారిపోతాయి. అప్పటిదాకా క్యాష్‌లో పడగానే 'అయింది' అన్న కార్డు, ఇక ప్రతి రాతకీ డిస్కు కోసం ఆగుతుంది. మా దగ్గర ఇదే జరిగితే వారం పాటు క్వెరీలు తిరగరాస్తూ కూర్చున్నాను, కార్డు లాగ్ తెరవాలని తట్టలేదు.

సాయంత్రం రద్దీలో ఐఓస్టాట్ (డిస్కుల పనితీరు చూపే కమాండ్) నడిపి రీడ్ అవెయిట్, రైట్ అవెయిట్ (చదవడానికి, రాయడానికి సగటున పట్టే సమయం) విడివిడిగా చెప్పండి.

స్టాకుపుస్తకం:
రీడ్ 11 మిల్లీసెకన్లు, రైట్ 160. కార్డులో బ్యాటరీ 'ఫెయిల్డ్' అని ఉంది, మోడ్ రైట్‌త్రూ. ఇప్పుడే రైట్‌బ్యాక్‌కి బలవంతంగా మార్చేయనా?

పాతడీబీఏ:
వద్దు, వద్దు! బ్యాటరీ లేకుండా రైట్‌బ్యాక్ పెడితే, కరెంటు పోయిన క్షణంలో క్యాష్‌లో ఉన్నదంతా పోతుంది. చివరి బిల్లులతో ఆగదు, డేటాబేసే చెడిపోవచ్చు. ఎఫ్‌సింక్ ఆపమని ఎవరైనా సలహా ఇస్తే అది కూడా ఇంతే. బ్యాటరీ వచ్చేదాకా ఓర్చుకోండి.

తర్వాత ఎస్ఎస్‌డీ కొంటే పవర్ లాస్ ప్రొటెక్షన్ (కరెంటు పోయినా రాత పోకుండా చూసే ఏర్పాటు) ఉన్నదే చూడండి. లోపల కెపాసిటర్లు ఉంటాయి కాబట్టి ఎఫ్‌సింక్‌కి వెంటనే, నిజాయితీగా జవాబిస్తుంది. అవి లేని డ్రైవులు ప్రచారంలో ఎంత వేగమన్నా కమిట్ల దగ్గర నీరసిస్తాయి. ఎస్ఎస్‌డీకి మారాక ర్యాండమ్ పేజ్ కాస్ట్ (అక్కడక్కడా చదవడానికి ఎంత ఖర్చో చెప్పే పోస్ట్‌గ్రెస్ సెట్టింగ్) 4 నుంచి 1.1కి దించండి, లేకపోతే ప్లానర్ (క్వెరీని ఎలా నడపాలో నిర్ణయించే భాగం) ఇంకా తిరిగే డిస్కే అనుకుని ఇండెక్సులు వదిలేయొచ్చు.

అన్నట్టు, షేర్డ్ బఫర్స్ (పోస్ట్‌గ్రెస్ తన క్యాష్‌కి వాడుకునే మెమరీ) ఎంత ఉంది?

స్టాకుపుస్తకం:
బ్యాటరీ మార్చాం. నిన్న సాయంత్రం రైట్ అవెయిట్ 4 దాటలేదు, సేవ్ నొక్కగానే అయిపోతోంది. షేర్డ్ బఫర్స్ ఇన్‌స్టాల్ చేసిన నాటి 128 ఎంబీయే ఉందండీ! ఆదివారం 4 జీబీ చేసి రీస్టార్ట్ చేస్తాను. కొనుగోలు ప్రస్తుతానికి ఆపేశాం.