పాత స్టీరియో రిసీవర్‌కి టీవీ కలపాలా, సౌండ్‌బార్ కొనాలా?

కాకినాడ శ్రోత:
మా నాన్నగారి దగ్గర 1980ల నాటి జపాన్ స్టీరియో రిసీవర్ (రేడియో, ఆంప్లిఫయర్ కలిసి ఉన్న పెట్టె) ఉంది. మా మేనమామ కువైట్ నుంచి వచ్చేటప్పుడు తెచ్చారు. పెద్ద స్పీకర్లు రెండూ ఇప్పటికీ చక్కగా పలుకుతాయి. సంక్రాంతికి కొత్త టీవీ కొన్నాం. బొమ్మ అద్భుతంగా ఉంది కానీ మాట రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంది. సినిమా పెడితే అమ్మ నిమిషానికోసారి "ఏమన్నాడ్రా?" అని అడుగుతోంది. అన్నయ్యేమో ఆ పాత సామాను తీసేసి సౌండ్‌బార్, అంటే టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకర్, పెట్టమంటాడు. నాకు మనసొప్పడం లేదు. టీవీ వెనక ఎర్ర, తెల్ల పిన్నులు పెట్టే అవుట్‌పుట్ లేదు. హెడ్‌ఫోన్ జాక్, ఆప్టికల్, హెచ్‌డీఎంఐ ఉన్నాయి. కలపడం మంచిదేనా? కలిపితే దేనితో?

వైరు చాలు:
హెడ్‌ఫోన్ జాక్ ఉండగా ఆలోచనెందుకండీ? ఒక చివర హెడ్‌ఫోన్ పిన్ను, రెండో చివర ఎర్ర, తెల్ల పిన్నులు ఉండే వైరు ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా ఇస్తారు. రిసీవర్ వెనక ఆక్స్ అని గానీ టేప్ ఇన్ అని గానీ రాసి ఉన్నచోట పెట్టండి. టీవీ వాల్యూమ్ ముప్పాతిక దాకా పెంచి, రిసీవర్ నాబ్ ఒకచోట స్థిరంగా ఉంచేయండి. ఆ తర్వాత అమ్మగారు రోజూ వాడే టీవీ రిమోట్‌తోనే సౌండ్ పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. పెద్దవాళ్లున్న ఇంట్లో అన్నిటికంటే ఇదే ముఖ్యం.

ఆప్టికల్ పక్షం:
రిమోట్ సంగతి ఒప్పుకుంటాను. కానీ డిష్ కనెక్షన్ ఉన్న ఇంట్లో ఈ పద్ధతితో చాలామందికి గుయ్యిమని మోత వస్తుంది. మేడ మీద డిష్ నుంచి దిగే కేబుల్ ఒక దారిన, కరెంటు ప్లగ్గు మరో దారిన ఎర్త్‌ని తాకుతాయి. ఆ రెండింటి మధ్య తేడా సౌండ్ వైరులోంచి పారుతుంది. ఆప్టికల్‌లో వెళ్లేది వెలుతురు. టీవీకీ రిసీవర్‌కీ మధ్య లోహపు తీగే ఉండదు కాబట్టి ఆ మోత దాటే దారి లేదు. పాత రిసీవర్‌కి ఆప్టికల్ అర్థం కాదు కనుక మధ్యలో డీఏసీ అనే చిన్న డబ్బా కావాలి. డిజిటల్‌గా వచ్చినదాన్ని అదే ఎర్ర, తెల్ల పిన్నులకు సరిపడేలా మార్చి ఇస్తుంది.

హాల్లో ఒకే రిమోట్:
సౌండ్‌బార్ తరఫున ఒక మాట. నా దగ్గరా పాత ఆంప్లిఫయర్ ఉంది, ఇష్టంగా వింటాను, కానీ పాటలకే. టీవీ రోజుకి ఆరేడు గంటలు నడుస్తుంది. అంతసేపూ ఆ పాత పెట్టె వేడెక్కుతూ కరెంటు తాగాలా? లోపలి కెపాసిటర్లకి (కరెంటు నిల్వ చేసే చిన్న భాగాలు) దాదాపు నలభై ఏళ్లు. సౌండ్‌బార్ అయితే టీవీ సౌండ్‌ని బయటికి పంపే హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ సాకెట్‌లో వైరు ఒక్కటి చాలు, టీవీతోపాటే ఆన్ అవుతుంది, టీవీతోపాటే ఆఫ్ అవుతుంది. మాటలు తేలిగ్గా వినపడే సెట్టింగ్ కూడా చాలావాటిలో ఉంటుంది. నాన్నగారి రిసీవర్ మీద ప్రేమ ఉంటే దాన్ని పాటలకి దాచుకోండి. అదీ గౌరవమే.

సోల్డరింగ్ మేస్త్రీ:
ముప్పై ఏళ్లుగా ఆంప్లిఫయర్లు బాగుచేస్తున్నాను. కెపాసిటర్ల గురించి చెప్పింది నిజమే, కానీ వాటిని మార్చొచ్చు. నాబ్ తిప్పితే గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టిస్తే చాలాసార్లు పోతుంది. చవక సౌండ్‌బార్‌లో రెండంగుళాల స్పీకర్లుంటాయి. ఎనిమిదంగుళాల స్పీకర్ పలికే మగగొంతు నిండుదనం వాటిలో రాదు. నా ఓటు రిసీవర్‌కే.

తమ్ముడూ, రెండు సంగతులు చూసుకో. ఒకటి, గల్ఫ్ నుంచి వచ్చిన సెట్ల వెనక తరచుగా వోల్టేజ్ మార్చే చిన్న మీట ఉంటుంది. అది 220 మీదో 240 మీదో ఉందా అని ప్లగ్గు పెట్టకముందే చూడు. 110 మీద ఉంటే సెట్టు కాలిపోతుంది. రెండు, ఫోనో అని రాసి ఉన్నచోట టీవీ పెట్టకు. అది గ్రామఫోన్ ప్లేటు తిప్పే టర్న్‌టేబుల్ కోసం. సూది నుంచి వచ్చే కొద్ది మిల్లీవోల్టులను దాదాపు వంద రెట్లు పెంచుతుంది, బేస్ కూడా ఎత్తుతుంది. టీవీ ఇచ్చే సిగ్నల్ అక్కడ పెడితే గోలగోలగా చిరిగిపోతుంది.

బ్లూటూత్ బాగుంది:
ఇన్ని వైర్లెందుకు? బ్లూటూత్ రిసీవర్ ఒకటి కొని వెనక గుచ్చేయండి.

ఆప్టికల్ పక్షం:
పాటలకైతే సరే. టీవీకి వద్దండీ. మామూలు బ్లూటూత్‌లో సౌండ్ సెకనులో ఐదో వంతు దాకా వెనకబడుతుంది. పెదవులు ముందు కదిలి, మాట తర్వాత వస్తుంది. టీవీలో సరిచేసే సెట్టింగ్ ఉన్నా సాధారణంగా సౌండ్‌ని ఇంకా వెనక్కి నెడుతుంది తప్ప ముందుకి తేలేదు.

కాకినాడ శ్రోత:
అందరికీ చాలా థాంక్స్. ఆదివారమంతా దీని మీదే కూర్చున్నాను. మేస్త్రీగారూ, మీట 110 మీదే ఉందేమోనని టెన్షన్ పడ్డాను. టార్చి వేసి చూస్తే 240 మీద ఉంది, స్క్రూ తలమీద నాన్నగారు పూసిన ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క ఇంకా ఉంది.

ముందు హెడ్‌ఫోన్ వైరు పెట్టాను. సౌండ్ వచ్చింది, వెనకాలే గుయ్యిమని మోత కూడా వచ్చింది. సెట్‌టాప్ బాక్స్ నుంచి డిష్ కేబుల్ ఊడదీయగానే టక్కున ఆగింది. మళ్లీ పెడితే మళ్లీ మోత. ఇక డీఏసీ తెచ్చి ఆప్టికల్‌తో కలిపాను. అరగంట సేపు ఒక్క శబ్దం లేదు, పాడైన డబ్బా ఇచ్చారనుకున్నాను. తీరా చూస్తే టీవీ సౌండ్ సెట్టింగ్‌లో డాల్బీ డిజిటల్ (సౌండ్‌ని కుదించి పంపే పద్ధతి) అని ఉంది. పీసీఎం (కుదించకుండా పంపే మామూలు డిజిటల్ సౌండ్) అని మార్చగానే పలికింది. ఈ డబ్బాకి డాల్బీ విప్పడం రాదట.

రాత్రి పాత సినిమా పెట్టాం. అమ్మ రెండు గంటలు కదలకుండా చూసింది, ఒక్కసారి కూడా "ఏమన్నాడు" అనలేదు. అన్నయ్య కూడా ఉన్నాడు. సౌండ్ బాగుందన్నాడు, కానీ ప్రకటనలు రాగానే అమ్మ లేచి వెళ్లి నాబ్ తగ్గించడం చూపించి "ఇదేరా నేనంది" అన్నాడు. ఆ మాట కాదనలేను. మా టీవీలో ఆప్టికల్ వాల్యూమ్ రిమోట్‌కి మారదు.

వైరు చాలు:
అందుకే మొదట్లోనే రిమోట్ గురించి చెప్పాను. సొంత రిమోట్‌తో వాల్యూమ్ మార్చే డీఏసీలు దొరుకుతాయి, అది తీసుకోండి.

హాల్లో ఒకే రిమోట్:
అప్పుడు అమ్మగారి చేతిలో టీవీది, డిష్‌ది, డబ్బాది మూడు రిమోట్లు.

సోల్డరింగ్ మేస్త్రీ:
ఏఆర్‌సీ నుంచి సౌండ్ విడదీసి ఎర్ర, తెల్ల పిన్నులకిచ్చే డబ్బాలు కూడా ఉన్నాయి. కొన్నిటికి టీవీ రిమోట్‌తోనే వాల్యూమ్ మారుతుంది. కానీ మళ్లీ మధ్యలో లోహపు తీగే కదా, మోత తిరిగి రావచ్చు. కొనేముందు షాపువాణ్ణి వాపసు తీసుకుంటాడో లేదో అడుగు. పెట్టాక డిష్ కేబుల్ తగిలించే విను.