వరద రాకముందే లంకలో తిండి ఏర్పాటు ఎలా చేసుకోవాలి? మా చేతిలో 1,36,000 ఉన్నాయి

ప్రశ్న: లంక ఆడపడుచు

అందరికీ నమస్కారమండి. మాది పి.గన్నవరం మండలంలో గోదారి పాయల మధ్య ఒక లంక. నదిపాయ దాటితేగానీ ఊళ్లోకి రాలేరు. వేసవిలో మట్టిగట్టు మీద బండ్లు నడుస్తాయి. ఎర్రనీరు, అంటే తొలి వరద నీరు, తగలగానే ఆ గట్టు తెగిపోతుంది, ఇక కార్తీకం దాకా పడవే దిక్కు. నేను డ్వాక్రా సంఘం లీడర్ని. మా లంకలో 212 గడపలు.

2022 జులై వరద గుర్తుండే ఉంటుంది. భద్రాచలంలో 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు పైబడి వదిలారు. మా వీధిలో నడుము లోతు నీళ్లు. మొదటి రోజూ రెండో రోజు మధ్యాహ్నం దాకా మా దగ్గరికి ఏ పడవా రాలేదు. వచ్చాక పులిహోర పొట్లాలు దించారు. మంచి మనసుతో తెచ్చారు, వాళ్లకి దండం పెడతాను. కానీ రేవు గుడి దగ్గర ఉంది. గుడి చుట్టుపక్కల వాళ్లు అందుకునేసరికే పొట్లాలు అయిపోయేవి. పల్లంలో ఉన్న చివరి పేటకి మూడో రోజు సాయంత్రం గానీ అందలేదు. అందిన వాటిలో సగం వాసన వచ్చాయి. ఆ పేటలో ఒక ముసలమ్మకి సుగరు. రెండు రోజులు కొబ్బరినీళ్లతో ఉండి కళ్లు తిరిగి పడిపోయింది. నీళ్లు తీశాక ఇంటికి 25 కిలోల బియ్యం, కందిపప్పు ఇచ్చారు. బియ్యం వచ్చాయి గానీ ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగే స్థితి లేదు, పుల్లలన్నీ నానిపోయాయి.

ఆ వారం కువైట్‌లో, మస్కట్‌లో ఇళ్లలో వంట చేసే మా లంక ఆడవాళ్లు ఫోన్లు కలవక ఏడ్చారట. అక్కడ వేరేవాళ్ల పిల్లలకి అన్నం కలిపి పెడుతూ, తమ పిల్లలు తిన్నారో లేదో తెలియక. వాళ్లే అప్పటినుంచి నెలకింత వేసి ఇప్పుడు 1,36,000 పంపారు. "ఈసారి ఎవరూ పస్తు ఉండకూడదు" అని ఒక్కటే మాట.

ఊళ్లో మూడు అభిప్రాయాలు ఉన్నాయి. కుర్రాళ్లు ఇంజను పడవ కొందామంటున్నారు. కొందరు సరుకుల సంచులు కట్టించి ఇప్పుడే ఇంటింటికీ ఇచ్చేద్దామంటున్నారు. పెద్దవాళ్లేమో ఆకలన్నవాళ్లందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి గడ్డ మీద పుట్టాం, ఆవిడ పేరున పెద్ద అన్నదానం చేద్దామంటున్నారు. ఎవర్నీ కాదనలేకపోతున్నాను. ఇలాంటి పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

జవాబు: గాడిపొయ్యి మాస్టారు

అమ్మా, నేను రాజోలు వైపు పెళ్లిళ్లకి వంట చేసేవాణ్ని. ఇప్పుడు అరవైకి దగ్గర పడ్డాను. 1986 ఆగస్టులో గోదారి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు మా నాన్న చేతికింద గరిటె పట్టాను. ఏటిగట్టు మీద పరదాలు కట్టుకుని బతికిన వేలమందికి వండాం. 1996 నవంబరు తుఫానుకీ వండాను. తర్వాత చిన్నాపెద్దా వరదలు ఎన్నో. అందుకని నేను చూసింది చెబుతాను.

బయటనుంచి అన్నం రావడానికి రెండో రోజు అవుతుంది. అది ఎవరి తప్పూ కాదు. బియ్యం నానాలి, ఉడకాలి, పొట్లం కట్టాలి, రేవుకి చేరాలి, ఆ ప్రవాహంలో పడవ ఏటికి అడ్డంగా రావాలి. కాబట్టి మొదటి మూడు నాలుగు పూటలు మీవే. మీ డబ్బంతా ఆ పూటల మీద పెట్టండి.

పడవ సంగతి ముందు. మీ డబ్బుకి పాత పడవ వస్తుందేమో. దానికి ఇంజను, డీజిలు, లైఫ్ జాకెట్లు, నడిపే మనిషి, ఏటా తారు. వరదలో అనుభవం లేని చెయ్యి పట్టిన పడవ ప్రాణం తీస్తుంది. పడవ ఉన్న బెస్తవారితో ఇప్పుడే మాట్లాడి, డీజిలు ఖర్చు మీరు పెట్టుకునేట్టు ఒప్పందం చేసుకోండి.

సరుకుల సంచులు ఇప్పుడే ఇంటింటికీ ఇవ్వొద్దు. ఇల్లు మునిగితే సంచీ మునుగుతుంది. అసలు వరద దాకా ఆగుతుందా? ఇంట్లో పప్పు లేని రోజున ఆ సంచీ విప్పుతారు. అది వాళ్ల తప్పు కాదు, ఆకలి ఆగదు.

నేనైతే ఇలా చేస్తాను. లంకలో మెరక మీద ఉన్న మేడ ఇళ్లు మూడు ఎంచుకోండి. ఒకటి కచ్చితంగా చివరి పేటకి దగ్గరది కావాలి. ఒక్కో మేడ మీద మూత బిగుసుకునే ప్లాస్టిక్ డ్రమ్ముల్లో బియ్యం, ఉప్పు, చింతపండు, నూనె, పసుపు, ఎండుమిర్చి. రెండు పెద్ద గుండిగలు, గరిటెలు, జల్లిగంటె. నలభై ఇటుకలు, రెండు బస్తాల ఇసుక. మేడ మీద గాడిపొయ్యి తవ్వలేరు కదా, ఇటుకలు పేర్చుకోవాలి. కింద ఇసుక జానెడు మందం పరవకుండా మంట పెట్టారా, శ్లాబు పగులుతుంది. 86లో మేమున్న బడి శ్లాబు అలాగే పగిలింది, ఆ పగులు ఇంకా నా కళ్లలో ఉంది.

పుల్లల గురించి దిగులు పడకండి, మీది కొబ్బరి లంక. వైశాఖంలో కొబ్బరి డొక్కలు (కాయ మీది పీచు), మట్టలు బాగా ఎండబెట్టి యూరియా గోతాల్లో కట్టి మేడ మీద పరదా కింద పడేయండి. డొక్క నిలిచి మండుతుంది. గ్యాసు బండని నమ్ముకోవద్దు. ఖాళీ బండ నీళ్లలో తేలి కొట్టుకుపోతుంది. వరద హెచ్చరిక రాగానే ప్రతి ఇంట్లోనూ బండని కిటికీ ఊచకి తాడుతో కట్టమని చెప్పండి.

ఇక పొట్లం పాడవడం సంగతి. మీకొచ్చినవి వాసన రావడానికి కారణం వేడిగా కట్టడం. వేడన్నం కవర్లో పెడితే చెమట పడుతుంది, ఆ చెమటే పాడు చేస్తుంది. చాపల మీద శుభ్రమైన గుడ్డ పరిచి అన్నం ఆరబోసి, పూర్తిగా చల్లారాక చింతపండు పులుసు, నూనె దండిగా పట్టించి అరిటాకులో కట్టండి. ఉల్లిపాయ వద్దు, కొబ్బరి వద్దు. పప్పన్నం, సాంబారన్నం పొద్దున కడితే రాత్రికి పనికిరావు. వాటిని వండిన చోటే వడ్డించాలి. కిలో బియ్యానికి ఎనిమిది పొట్లాలు లెక్క వేసుకోండి. పొయ్యి వెలగని పూటకి అటుకులు, బెల్లం, వేయించిన శనగపప్పు. చుట్టూ ఎంత వాన పడనీ, ఈ మూడూ కడుపు నింపుతాయి.

పంచడం మాత్రం చివరి ఇంటినుంచి మొదలుపెట్టండి. పడవ గుడి దగ్గర ఆగినా సరే, మొదటి పొట్లం పల్లంలో ఇంటికే వెళ్లాలి. ఈ ఒక్కదాని కోసం ఊళ్లో పోట్లాడాల్సి వస్తే పోట్లాడండి తల్లీ. నేను మూడుసార్లు పోట్లాడాను.

సీతమ్మగారి పేరు ఎత్తారు కాబట్టి ఒక మాట. ఆవిడ అంతర్వేది స్వామి దర్శనానికని పల్లకిలో బయల్దేరి, దారిలో ఆగిన చోట ఒక పెళ్లివారు "పిల్లలకి ఆకలేస్తోంది, గన్నవరం చేరితే సీతమ్మగారింట్లో తినొచ్చు" అనుకోవడం విన్నారట. స్వామి దర్శనం మానేసి వెనక్కి తిరిగి, వాళ్లకంటే ముందు ఇంటికి చేరి వండి పెట్టారని మా నాన్న చెప్పేవాడు. మీ పెద్దలతో ఈ సంగతే అనండి. వాళ్లు వచ్చేసరికి అన్నం సిద్ధంగా ఉంది కదా. మేడ మీద నింపి పెట్టే డ్రమ్ములు కూడా ఆవిడ పేరున అన్నదానమే.

జవాబు: ఉద్దానం టీచరు

మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు వైపు. 2018 అక్టోబరు 11 తెల్లారకుండానే తిత్లీ తుఫాను మా మీదే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు ఒక్క రాత్రిలో పోయాయి. మాది వరద కష్టం కాదు, దారి కష్టం. ప్రతి వీధికీ అడ్డంగా చెట్లు. సాయం లారీలు వచ్చాయి గానీ రోడ్డు పక్క ఊళ్ల దగ్గరే ఖాళీ అయిపోయి వెనక్కి వెళ్లిపోయేవి. లోపలి ఊళ్లవాళ్లం ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి మావాళ్లే గొడ్డళ్లు పట్టుకుని దారి చేసుకున్నారు. మాస్టారు చెప్పిన చివరి ఇంటి లెక్క నూటికి నూరుపాళ్లు నిజం.

నేను కలిపేది ఒక్కటే. కాగితం మీద జాబితా రాసుకోండి. ఫోన్లో వద్దు, కరెంటు పోతే ఫోను రెండో రోజుకి చచ్చిపోతుంది. మాకు కరెంటు రావడానికి రోజులు పట్టింది, బోరు మోటార్లు నడవక తాగునీటికి అల్లాడిపోయాం. ఏ ఇంట్లో ఎంతమంది, మంచం పట్టినవాళ్లు ఎవరు, నెలలు నిండినావిడ ఎవరు, రోజూ మందు మింగేవాళ్లు ఎవరు అనేది రాయండి. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎంతోమంది. డయాలసిస్ చేయించుకునేవాళ్లకి ఉప్పు, పులుపు, కొబ్బరినీళ్లు ఏవీ పడవు. పులిహోర పొట్లం చేతిలో పెట్టుకుని తినలేక కూర్చున్న మనిషిని చూశాను. జాబితా ఉండి ఉంటే ఆయన కోసం ఉప్పు లేని జావ ఒక గిన్నెడు కాచేవాళ్లం. అదేం పెద్ద పని కాదు కదా, ముందు తెలియాలంతే.

ఒక మంచి రంపం కొనండి. మీ లంకలోనూ చెట్లు పడతాయి.

జవాబు: దివిసీమ

మాది నాగాయలంక దగ్గర. 1977 నవంబరు 19 ఉప్పెనలో మా అమ్మ వైపు పదకొండు మంది పోయారు. ఆ తర్వాత తుఫాను షెల్టర్లు కట్టారు. మీ ఊళ్లో షెల్టరో, బడో ఉంటే దాని తాళం ఎవరి దగ్గరుందో ఈరోజే కనుక్కోండి. మా దగ్గర ఒకసారి హెచ్చరిక వచ్చిన రాత్రి తాళం ఉన్నాయన పెళ్లికి వేరే ఊరెళ్లాడు. గోడ దగ్గర పిల్లల్ని పెట్టుకుని వానలో నిలబడ్డాం, చివరికి తాళం పగలగొట్టాం. ఇప్పుడు తాళంచెవులు మూడు, మూడిళ్లలో ఉంటాయి. రెండు ఆడవాళ్ల దగ్గరే పెట్టాం. ఆడవాళ్లు ఊళ్లో ఉంటారు.

లోపల మరుగుదొడ్డి పనిచేస్తుందో లేదో కూడా చూడండి. అది లేకపోతే ఆడపిల్లలు నీళ్లు తాగడం మానేస్తారు. అన్నం పెట్టినా తినరు.

జవాబు: రిటైర్డ్ ఏఎన్ఎమ్

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు నేను వైద్య శిబిరంలో చేశాను. డ్రోన్లతో, హెలికాప్టర్లతో కూడా తిండి అందించారు. అయినా శిబిరానికి వచ్చినవాళ్లలో ఎక్కువమందివి నీళ్ల విరేచనాలు, చర్మం ఒరుసుకుపోవడం. అమ్మా, నీళ్లకి డబ్బు తీయకుండా తిండికే పెట్టకు. ఒక్కో మేడ మీద పెద్ద నీళ్ల ట్యాంకు ఉంటే హెచ్చరిక రాగానే నింపుకోవచ్చు. మీ సబ్‌సెంటర్లో క్లోరిన్ బిళ్లలు, ఓఆర్ఎస్ అడిగి తెచ్చుకోండి. ఎన్ని లీటర్లకి ఒక బిళ్ల అన్నది అట్ట మీద చూసి వేసి, అరగంట ఆగి తాగాలి.

ఇంకోటి. పసిపిల్లల తల్లులకి జాలిపడి పాలపొడి డబ్బాలు పంచుతారు. ఆ పొడి వరద నీళ్లలో కలిపితే బిడ్డకి విషమే. చనుపాలు ఇచ్చే తల్లికి ముందు ఒక పొట్లం ఎక్కువ పెట్టండి, బిడ్డ పాలు అందులోనే ఉన్నాయి. ఇన్సులిన్ వాడేవాళ్లు కొత్త కుండలో తడి ఇసుక పోసి, మందు సీసా తడవకుండా కవర్లో చుట్టి పెట్టుకుంటే కరెంటు లేకపోయినా కొన్నాళ్లు గడుస్తుంది. ఆ ముసలమ్మగారికి సుగరు మాత్రలు వేసుకుని తిండి మానేయకూడదని ఇంట్లోవాళ్లకి గట్టిగా చెప్పు. తిండి దొరకని పూట మాత్ర సంగతి ఏం చేయాలో డాక్టరుని ఇప్పుడే అడిగి రాయించుకోండి.

ప్రశ్న అడిగినావిడ: లంక ఆడపడుచు

మాస్టారూ, టీచరుగారూ, దివిసీమ అన్నయ్యగారూ, నర్సమ్మగారూ, అందరికీ దండాలు. ఇదంతా ప్రింటు తీయించి నిన్న రాత్రి సంఘంలో చదివాను. సీతమ్మగారి సంగతి చదివినప్పుడు మా పెద్దమామయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా మేడ రాసుకో" అన్నారు. ఆయనది గుడి దగ్గర. రెండోది బడి.

చివరి పేట దగ్గర మేడ లేదండి. అన్నీ రేకుల ఇళ్లు, తాటాకిళ్లు. అక్కడ ఒకే ఒక్క శ్లాబు ఉంది, చర్చిది. పాస్టరుగారిని అడిగాను. డ్రమ్ములే కాదు, ముసలివాళ్లకి పడక కూడా అక్కడే వేద్దామన్నారు. మెట్లకి పిట్టగోడ లేదు, అది కట్టించడానికి పదిహేను వేల దాకా అవుతుందని మేస్త్రీ చెప్పాడు. ముందు ఆ ఖర్చే పెడుతున్నాం.

మాస్టారూ, ఒక సందేహం. చింతపండు డ్రమ్ములో నాలుగు నెలలు ఉంటే పురుగు పట్టదా?

జవాబు: గాడిపొయ్యి మాస్టారు

గింజ, ఈనె తీసి, ఎండబెట్టి, రాతి ఉప్పు కలిపి ఉండలు చేసి జాడీలో అదిమి పెట్టు తల్లీ. ఏడాది ఉంటుంది. బియ్యంలో ఎండు వేపాకు వేయండి. వరద రాని ఏడు కార్తీకంలో ఆ బియ్యం వండి అందరూ కలిసి తినేయండి, మళ్లీ వేసవిలో కొత్తవి పోయండి. మీ పెద్దలు అడిగిన అన్నదానం అలా జరుగుతుంది.

పిట్టగోడ మూడడుగులు పెట్టించండి, రెండొద్దు. చీకట్లో గుండిగ మోసుకుంటూ ఎక్కేవాళ్లకి అది కావాలి. నేను జ్యేష్ఠంలో ఒకసారి వస్తాను. ఇటుకలు పేర్చడం మీ పిల్లలకి చూపిస్తాను.

లంక ఆడపడుచు

రండి మాస్టారూ. గట్టు తెగకముందే రండి, బండి మీద తీసుకొస్తాం. ఆదివారం పొద్దున జాబితా రాయడం మొదలుపెడుతున్నాం, ఆ సుగరు ముసలమ్మగారి ఇంటినుంచే.